దొరగారి మేత

జూన్ 11

వదినా,

నేను బాగానే ఉన్నాను. ఇక్కడ అందరూ మొదట రాసే మాట ఇదేనట, ఉత్తరాలు చదివే ఆఫీసరు నవ్వుతూ చెప్పాడు. కాబట్టి నేనూ రాసేశాను. ఇక అసలు సంగతి.

శిక్ష వేసిన రోజు కోర్టు మెట్ల మీద దొరగారి గురించి చెప్పడానికి టైము దొరకలేదు. గూడు అన్నయ్యే నా గదిలోంచి మీ ఇంటికి మోసుకెళ్ళాడని తెలిసింది. సంతోషం. ఊసరవెల్లిని ఇంట్లో పెట్టుకోవడం నీకెంత ఇష్టమో నాకు తెలియదా? బల్లి కనిపిస్తేనే చీపురు పట్టుకునేదానివి. అయినా కాదనలేదు.

వాడింకా ఐదు నెలల పిల్ల. ఎదిగే వయసు. ఇప్పుడు పెట్టే తిండితో ఎంత గట్టిపడితే అంత, జీవితాంతం ఆ ఎముకలే. అందుకని కొంచెం ఓపికగా చదువు.

రోజూ పెట్టాల్సింది కీచురాళ్ళు. పొద్దున ఎనిమిదో పదో. వాడి రెండు కళ్ళ మధ్య ఎంత దూరముందో పురుగు అంతకంటే పొడుగుండకూడదు. కళ్ళద్దాల కొట్టులో పొద్దస్తమానం మనుషుల కళ్ళ మధ్య దూరం కొలిచేదానివి, నీకు నేను చెప్పాలా? పావుగంటలో తిననివి ఏరి తీసెయ్యి, లేకపోతే వాడు పడుకున్నాక అవే వాడిని కొరుకుతాయి. కీచురాళ్ళ గోల పడలేకపోతే డూబియా బొద్దింకలు తెప్పించు. పేరు విని పారిపోకు, ఇవి వంటింట్లో తిరిగేవి కావు. అరవవు, గెంతవు, గాజు గోడ ఎక్కలేవు. పిండిపురుగులు మాత్రం ఎప్పుడో ఒకసారి, నోరు మార్చడానికి. వాటికి పైన పెంకు ఎక్కువ, లోపల సత్తువ తక్కువ.

పురుగులకి కూడా ముందు నువ్వే మేపాలి. క్యారెట్టు ముక్కలు, ఆకులు. పురుగు కడుపులో ఏముంటే వాడి కడుపులోకి అదే పోతుంది.

అన్నిటికంటే ముఖ్యం పొడి. నా టూల్స్ పెట్టెలో స్క్రూల డబ్బా వెనక చిన్న ప్లాస్టిక్ సంచిలో తెల్లటి పొడి ఉంది. పురుగుల్ని కవర్లో వేసి, చిటికెడు పొడి పోసి, ఊపి, తెల్లబడ్డాక వాడికి వెయ్యి. రోజూ వెయ్యాలి. అది మానితే వాడు నిలబడలేడు. అయిపోతే నాకు పురుగులు అమ్మే ఆ పురుగుల మాస్టారి దగ్గరికి వెళ్ళి నా పేరు చెప్పు, ఎవరికీ ఇవ్వనిది నీకు ఇస్తాడు.

అన్నయ్యని అడిగానని చెప్పు. ఫోను చేసుకోవాలన్నా, మీరు చూడ్డానికి రావాలన్నా ఫారం మీద రక్తసంబంధం ఉన్నవాళ్ళ సంతకం కావాలట. పంపమను.

నన్ను బట్టలుతికే షెడ్డులో వేశారు. నిన్న ఇక్కడి ఆసుపత్రి లిఫ్టు ఆగిపోతే, మీలో లిఫ్టు మెకానిక్కులు ఎవరైనా ఉన్నారా అని వరసలో నిలబెట్టి అడిగారు. నేను చెయ్యి ఎత్తలేదు.

నీ మరిది


జూన్ 24

మరిదీ,

చల్లగా ఉండు. నీ ఉత్తరం వచ్చింది కానీ పూర్తిగా రాలేదు. "వాడి కడుపులోకి అదే పోతుంది" అన్న దగ్గర్నుంచి ఎనిమిది వరుసలు తారు పూసినట్టు నల్లగా కొట్టేశారు. ఆ తారు కింద నుంచి "అన్నయ్యని అడిగానని చెప్పు" అని తేలావు. మధ్యలో ఏం రాశావయ్యా బాబూ? మీ అన్న ఆ కాగితం తీసుకెళ్ళి కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. "ఏముందండీ" అంటే "ఏమీ లేదు" అని మడిచి జేబులో పెట్టుకున్నారు. మళ్ళీ అడిగితే కానీ ఇవ్వలేదు.

నువ్వు చెప్పినట్టు కీచురాళ్ళే తెచ్చాను. డబ్బా మూత ఇలా తీశానో లేదో అరవైకి అరవై నా మీద గెంతాయి. నేను వేసిన కేకకి కింద ఇంటావిడ పైకి పరిగెత్తుకొచ్చింది. నలభై దొరికాయి. మిగతా ఇరవై ఇప్పుడు మాతోనే కాపురం ఉంటున్నాయి. ఫ్రిజ్ వెనక ఒకటి, బీరువాలో ఒకటి, మీ అన్న బూటులో ఒకటి కచేరీ పెట్టాయి.

అందుకని పిండిపురుగులకి మారాను. కోప్పడకు. ఎప్పుడో ఒకసారి అన్నావు, చదివాను. కానీ అవి గెంతవు, అరవవు, గిన్నెలో బుద్ధిగా పడుంటాయి. జంతువుల షాపులో అమ్మాయి కూడా "ఇవి అన్నీ తింటాయండీ" అంది. ఫోనులో వెతికితే ఒకడు అమృతం అంటాడు, ఇంకొకడు విషం అంటాడు. నువ్వెప్పుడూ చెప్పే పురుగుల మాస్టారిని అడుగుదామంటే ఆయన కంటి ఆపరేషనుకి కూతురి దగ్గరికి వెళ్ళారట, రెండు నెలలదాకా రారని తలుపు మీద కాగితం అంటించి ఉంది. బొద్దింకల మాట ఎత్తకు. నేను అంత దూరం రాలేను.

మీ దొరగారు కొమ్మ మీద కూర్చుని ఒక కన్నుతో నన్ను, ఇంకో కన్నుతో టీవీని చూస్తారు. మా షాపుకి వచ్చేవాళ్ళలో ఇలాంటి చూపు ఒక్కరికీ లేదు.

ఫారాల సంగతి మీ అన్నకి చెప్పాను. "చూద్దాం" అన్నారు.

వదిన


జులై 6

వదినా,

ఆ ఎనిమిది వరుసల గురించి ఆఫీసరు నన్ను పిలిచి అడిగాడు.

"వాడు నిలబడలేడు అని రాశావు. ఎవడు వాడు?"

"ఊసరవెల్లి సార్."

"ఊసరవెల్లి అని ఎవడికి పేరు పెట్టారు?"

నాకు నవ్వు వచ్చింది. ఆయనకి రాలేదు. ఒక మాట నా ఉత్తరాల్లో ఇక కనిపించకూడదన్నాడు. దానికి ఉన్న ఇంగ్లీషు పేరు, మందుల షాపు పేరు, ఏదీ రాయకూడదట. ఏ మాటో చెబితే మళ్ళీ తారే. అందుకని ఇంట్లో వాడే మాటతోనే చెబుతాను, అర్థం చేసుకో.

సున్నం. పురుగులకి సున్నం వెయ్యకుండా వదలొద్దు. నలుపు ఎక్కడా కనిపించకుండా పైనంతా తెల్లగా కప్పెయ్యాలి. అది లేకపోతే లోపల గుల్ల అయిపోతుంది. పైకి అంతా బాగానే ఉన్నట్టుంటుంది, ఒకరోజు ఉన్నట్టుండి కూలిపోతుంది. అప్పుడు ఎవరూ ఏమీ చెయ్యలేరు. అది నా టూల్స్ పెట్టెలో ఉంది. ఆ పెట్టె ఎక్కడుందో అన్నయ్యకి తెలుసు. ఆయన్నే అడుగు.

పిండిపురుగులు ఆపెయ్యి వదినా. నీ చేతులు పట్టుకుని అడుగుతున్నా. కీచురాళ్ళ డబ్బాని అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే మత్తుగా ఉంటాయి, గెంతవు.

అన్నయ్య ఒక్క ముక్కయినా రాయకూడదా? ఉత్తరాలు పంచే వేళకి నేను షెడ్డు తలుపు దగ్గరే నిలబడుతున్నాను.

నీ మరిది


జులై 20

మరిదీ,

ఈసారి కోపంతో రాస్తున్నాను. తర్వాత బాధపడతానేమో, అయినా రాస్తాను.

నీ ఉత్తరం భోజనాల బల్ల దగ్గర పైకి చదివాను. సగంలో మీ అన్న ముఖం చూస్తే కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. కంచం ముందు నుంచి లేచిపోయారు. వెనకే వెళ్ళి "నీళ్ళు కావాలా, గుండెల్లో నొప్పా" అంటే, "వాడు నన్నే అంటున్నాడు, నీకు అర్థం కావడం లేదు" అన్నారు. ఊసరవెల్లి అని పేరు పెట్టావట. సున్నం కొట్టి కప్పేశాడన్నావట. గుల్ల అట. కూలిపోతాడట. నేను మళ్ళీ చదివితే నాకూ అలాగే అనిపించింది. లేకపోతే పురుగులకి సున్నం ఏమిటి? గోడలకి కొట్టేది బతికున్న ప్రాణి నోట్లో ఎవరైనా వేస్తారా, నోరు కాలిపోదూ? టూల్స్ పెట్టె సంగతి అడిగితే "ఏ పెట్టె?" అన్నారు.

ఆయన నీకేం అన్యాయం చేశారు? సూపర్‌వైజరై కూడా తమ్ముడని చూడకుండా నిన్ను లిఫ్టు కంపెనీలో హెల్పరుగా మొదలుపెట్టించి, పని నేర్పించి, మెకానిక్కుని చేశారు. లిఫ్టు చూడకుండానే చూశానని సంతకం పెట్టింది నువ్వు. లిఫ్టు రాకుండానే ఐదో అంతస్తులో తలుపు తెరుచుకుంది. అక్కడే కాపురం ఉండే పంతులమ్మ గారు దిద్దిన పరీక్ష పేపర్లు గుండెకి హత్తుకుని లోపల కాలు పెట్టారు, లోపల ఏమీ లేదు. ఆ పోయిన మనిషి ముఖం పేపర్లో చూసినప్పట్నుంచి నేను ఏ లిఫ్టూ ఎక్కలేదు. అదంతా నువ్వు మోస్తున్నావు, నాకు తెలుసు. కానీ ఆ బరువు దించుకోవడానికి మీ అన్న వీపు చూసుకోకు.

ఇక మీ దొరగారు నీలాగే మొండికేశారు. రోజుకి రెండు పురుగులు తింటే గొప్ప. నాలిక చాచడు, నోరు తెరిచి ఊరికే కూర్చుంటాడు. ముందు కాళ్ళు దొడ్డికాళ్ళలా వంగాయి. కొమ్మ పట్టు జారి నిన్న రెండుసార్లు కింద పడ్డాడు. పట్టపగలు కళ్ళు మూసుకుంటాడు. మీ అన్న ఎవరికైనా ఇచ్చెయ్యమంటున్నారు. నేనూ అదే అనుకుంటున్నాను.

వదిన


ఆగస్టు 2

వదినా,

సున్నం అంటే సున్నమే. నేనెవరినీ అనలేదు.

ఇక్కడ రెండు వరుసలు కొట్టేశాను. ఆఫీసరు కాదు, నేనే. పట్టించుకోకు.

దొరగారిది మొండితనం కాదు, జబ్బు. ఎముక మెత్తబడుతోంది. దవడ మెత్తబడితే నాలిక విసరలేడు, కాళ్ళు మెత్తబడితే పట్టు ఉండదు. ఇవాళే జంతువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. నేను వాడిని కొన్నప్పుడు బొటనవేలంత ఉండేవాడు. ఇంకేం అడగను, ఇది ఒక్కటి చెయ్యి. ఆ తర్వాత ఎవరికిచ్చినా నీ ఇష్టం.

పంతులమ్మ గారి గురించి నువ్వు రాసినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు.

నీ మరిది


ఆగస్టు 19

మరిదీ,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆదివారం పొద్దున నీ ఉత్తరం మరోసారి తీశాను. ఆఫీసరు పూసే తారు వేరు, నీ బాల్‌పెన్ను గీతలు వేరు. కిటికీకి పట్టేసరికి అక్షరాలు కనిపించాయి. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నది అన్నయ్యే. ఆ రోజు నాకు పదకొండు చీటీలు ఎవరు రాసిచ్చారో, ఫోనులో ఏం చెప్పారో అడుగు." ఒకటికి నాలుగుసార్లు చదివాను. అడిగే ధైర్యం రాలేదు. దొరగారిని తువ్వాలులో చుట్టి, చెప్పుల పెట్టెలో పెట్టుకుని బస్సెక్కాను.

డాక్టరు చూసి "కుక్కలు, పిల్లులు అయితే నేను చూస్తాను, ఇది నా వల్ల కాదమ్మా" అన్నాడు. ఏమీ తోచక పురుగుల మాస్టారి వీధి వైపు నడిచాను. ఆయన తలుపు తీసే ఉంది. ఆకుపచ్చ కంటిపట్టీ పెట్టుకుని కీచురాళ్ళ డబ్బాలు తుడుచుకుంటున్నారు. దొరగారిని అరచేతిలోకి తీసుకుని దవడ మీద బొటనవేలుతో మెల్లగా నొక్కారు. రబ్బరులా వంగింది, మరిదీ.

"ఏం పెడుతున్నావమ్మా?"

"పిండిపురుగులండీ."

"పొడి?"

"ఏం పొడి?"

ఆయన నావైపు అలా చూసి, లోపల్నుంచి ఒక సీసా తెచ్చి బల్ల మీద పెట్టారు. కాల్షియం పొడి. తెల్లగా, మెత్తగా. "ఏ పురుగులోనైనా ఇది తక్కువే తల్లీ, పిండిపురుగులో మరీ తక్కువ. ఆ లోటు పైనుంచి తీర్చకపోతే ఒళ్ళు తన ఎముకల్ని తానే కరిగించుకుని తింటుంది" అన్నారు. అప్పుడు వెలిగింది నాకు ఆ తారు కింద ఏముందో, సున్నం అంటే ఏమిటో. చదువుకున్న గాడిదని, ఆ మాత్రం తట్టలేదు.

ఇంటికొచ్చేసరికి మీ అన్న గడ్డం గీసుకుంటున్నారు. సీసా అద్దం ముందు పెట్టాను. "ఆ నల్ల వరుసల్లో ఉన్నది ఇదండీ. ఎముకలకి వేసే పొడి. మీ పేరు కాదు" అన్నాను.

చేతిలో బ్లేడు అలాగే ఉంది. ముందు నవ్వారు. "పొడా? రెండు నెలలు నేను పొడికి భయపడ్డానా?" అన్నారు. నవ్వుతూనే స్నానాల గది గట్టు మీద కూలబడ్డారు. చెంప మీద సగం నురగ. అప్పుడు అడిగాను, పదకొండు చీటీలు ఎవరు రాశారని.

ఆయనే రాశారట, బిల్డింగుకొకటి, లిఫ్టు తనిఖీ చీటీలు. నెలాఖరు, పై నుంచి ఒత్తిడి. మెకానిక్కులు ఇద్దరు సెలవు. నువ్వు ఫోను చేసి "పదకొండు బిల్డింగులు ఒక్క రోజులో ఎలా చూస్తానన్నయ్యా" అంటే "చూడక్కర్లేదు, సంతకం పెట్టి వచ్చెయ్, వచ్చే నెల చూద్దాం" అన్నారట. కోర్టులో నాలుగే ఇచ్చానని చెప్పారు. శిక్ష పడి నిన్ను పట్టుకెళ్ళిన మర్నాడు నీ గదికి వెళ్ళి, ఒక చేత్తో దొరగారి గూడు, ఇంకో చేత్తో టూల్స్ పెట్టె తీసుకున్నారు. గూడు ఇంటికి తెచ్చారు. పెట్టెలో ఆ చీటీలు ఉన్నాయని, దారిలో చెత్తకుప్పలో పారేశారు. నీ పొడి కూడా దాంతోనే పోయింది.

ఈ ఉత్తరం ఆఫీసరు చదువుతాడని తెలిసే రాస్తున్నాను. చదవనీ.

నేను సీసా తీసుకెళ్ళి గూడు పక్కన పెట్టాను. సాయంత్రానికి ఆయనకి ఒకటి చెప్పాను. "నేను వెళ్ళి ఎవరికీ చెప్పను. చెప్పాల్సింది మీరు. ఎప్పుడని కూడా అడగను. కానీ అప్పటిదాకా దొరగారికి తిండి పెట్టేది మీరే. మీ చేత్తోనే." బొద్దింకని చూస్తే ఆయన కుర్చీ ఎక్కే మనిషి, నీకు తెలుసు. మర్నాడు ఆయనే మాస్టారి దగ్గరికి వెళ్ళి డబ్బా తెచ్చుకున్నారు.

పోయినసారి నిన్ను అన్న మాటలు సిరాతో రాశాను, వెనక్కి తీసుకోలేను. నువ్వు నన్ను క్షమించకపోయినా దొరగారికి ఏం పెట్టాలో మాత్రం వివరంగా రాయి.

వదిన


సెప్టెంబరు 1

వదినా,

ముందు దొరగారు.

వాడు ఇప్పుడు నాలిక విసరలేడు కాబట్టి మొద్దు చివర ఉన్న పట్టకారుతో నోటి దగ్గరికి అందించాలి. కీచురాళ్ళు వద్దు, వాటి వెనక కాళ్ళు గీసుకుంటాయి. చిన్న బొద్దింకలు, అందులోనూ అప్పుడే కుబుసం విడిచి తెల్లగా ఉన్నవి ఏరి పెట్టండి, మెత్తగా ఉంటాయి. మాస్టారి దగ్గర ఒక రకం ఈగ పిల్లపురుగులు ఉంటాయి, వాటిలో కాల్షియం పుట్టుకతోనే ఉంటుంది, రోజు విడిచి రోజు అవి. దవడ గట్టిపడ్డాక మళ్ళీ కీచురాళ్ళూ బొద్దింకలూ మార్చి మార్చి. ఒక్కదాని మీదే బతకనివ్వకూడదు. కొమ్మలన్నీ కిందికి దించండి, పడినా దెబ్బ తగలదు. గూడు మీద ఉండే, ఎండలా పనిచేసే యూవీ లైటు కొత్తది వెయ్యండి, ఆ వెలుగు లేకపోతే పొడి తిన్నా ఒంటబట్టదు.

చూశావుగా, పొడి అని రాశాను. నీ ఉత్తరం చదివి ఆఫీసరు పిలిచాడు. "నిజంగా ఊసరవెల్లేనా?" అన్నాడు. అవునన్నాను. "ఇక రాసుకో" అన్నాడు. మిగతా సంగతి అడగలేదు కానీ, ఎవరైనా కొత్తగా స్టేట్‌మెంటు ఇవ్వాలంటే ఏ ఆఫీసుకి వెళ్ళాలో తనంతట తానే చెప్పాడు.

నాకు అన్నీ తెలుసు వదినా, పెట్టె పారేసిన సంగతి తప్ప. కోర్టులో "నాలుగు" అన్నప్పుడు నేను అన్నయ్యనే చూస్తున్నాను. ఆయన నావైపు చూడలేదు. నేను నోరు మూసుకోవడంలో గొప్పతనం ఏమీ లేదు. నోరు విప్పితే ఇద్దరం పోతాం, విప్పకపోతే ఒక్కడినే అనుకున్నాను. ఆ రెండు నెలలూ ఆయన దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చి ఉంటే ఆ రెండు వరుసలు కూడా రాసేవాణ్ణి కాదు. కొట్టేశాను కదా అంటావేమో. పూర్తిగా చెరిపెయ్యడానికి ఇంకు రబ్బరు ఉంది నా దగ్గర. గీతలే గీశాను. ఎందుకో నన్నడక్కు.

కానీ ఇప్పుడు ఆయన్ని వెళ్ళమనకు. నీ ఇల్లు కూలుతుంది. నాకు ఇంకా పదిహేడు నెలలే. నేను ఉండగలను.

నీ మరిది


సెప్టెంబరు 22

మరిదీ,

నీ ఉత్తరం వచ్చేసరికే ఆయన వెళ్ళారు. ఇంక నువ్వు వద్దన్నా నేను వద్దన్నా ఒకటే.

మాస్టారు చెప్పినట్టు పట్టకారుతో పెట్టబోతే, మొదటి వారం బొద్దింక జారిపోయేది. దొరగారు నోరు తెరుచుకుని ఎదురుచూసేవాడు, ఈయన కళ్ళు మూసుకుని అందించేవారు. పది రోజులకి చూస్తూ పెట్టడం వచ్చింది. పన్నెండో రోజుకి పొద్దున్నే క్యారెట్టు తురిమి బొద్దింకల డబ్బాలో వేసి, అవి దాక్కోవడానికి కోడిగుడ్ల అట్టలు సర్ది, పొడి ఊపి, ముందు దొరగారి పని చూసుకుని తర్వాత టీ తాగుతున్నారు. దవడ కొంచెం గట్టిపడిందని మాస్టారు అన్నారు. మొన్న నాలిక రెండంగుళాలు వచ్చింది. కాళ్ళు మాత్రం ఇక అంతే, విల్లులా ఉండిపోతాయట. నడుస్తాడు, వంకరగా నడుస్తాడు. దానికి కారణం నేనే, మరిదీ. షాపులో ఎవరికైనా ఫ్రేము సరిచేస్తుంటే అదే గుర్తొచ్చి చెయ్యి ఆగిపోతోంది.

పదమూడో తారీకు పొద్దున దొరగారికి పెట్టేసి, చెయ్యి కడుక్కుని, "వస్తావా?" అన్నారు. ఎక్కడికని అడగలేదు. నేరుగా స్టేట్‌మెంటు ఇచ్చే ఆఫీసుకి వెళతారనుకున్నాను. ముందు పంతులమ్మ గారి ఇంటికి తీసుకెళ్ళారు.

అదే బిల్డింగు. ఆయన మెట్లెక్కారు, వెనక నేను. పంతులమ్మ గారి భర్త తలుపు తీశారు. సన్నగా, పొడుగ్గా ఉన్నారు, చేతిలో కూరగాయలు తరిగే కత్తి. లోపలికి రమ్మనలేదు. మీ అన్న గుమ్మం బయటే నిలబడి చెప్పారు. పదకొండు చీటీలు, ఫోను, కోర్టులో చెప్పిన అబద్ధం, పెట్టె. ఒక్కటీ దాచలేదు. పంతులమ్మ గారి భర్త కత్తి దించి విన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. అంతా అయ్యాక ఒకటే అడిగారు.

"చూసి ఉంటే, చూడ్డానికి ఎంతసేపు పట్టేది?"

"ఇరవై నిమిషాలండీ" అన్నారు మీ అన్న.

ఆయన తల ఊపారు. తలుపు వేసుకున్నారు, మెల్లగా, చప్పుడు కాకుండా.

అక్కడి నుంచి ఆ ఆఫీసుకి. నాలుగు గంటలు రాయించుకున్నారు. కంపెనీ ఆయన్ని మర్నాడే పని నుంచి ఆపేసింది. లాయరు, నీ శిక్ష తగ్గవచ్చు, ఈయనకి మాత్రం పడుతుంది, అబద్ధపు సాక్ష్యానికి ఇంకొంచెం ఎక్కువే అన్నాడు. ఎప్పుడు పిలుస్తారో తెలియదు. బొద్దింకలకి తడి తగిలితే బూజు పడుతుందని, నువ్వే చూసుకోవాలని, నాకు అన్నీ నేర్పిస్తున్నారు. నేనిప్పుడు బొద్దింకని చేత్తో పట్టుకుంటున్నాను. ఎవరికైనా చెబితే నమ్మరు.

వదిన


అక్టోబరు 4

వదినా,

నీ ఉత్తరం షెడ్డులోనే, తడి బట్టల మధ్య నిలబడి చదివాను. దొరగారి కాళ్ళ సంగతి నీ మీద వేసుకోకు. వంకరకాళ్ళతోనైనా వాడిని బతికించావు. నాలిక నాలుగంగుళాలు వచ్చాక మాత్రం పట్టకారు మానిపించు, వేటాడి తిననీ, లేకపోతే బద్ధకం నేర్చుకుంటాడు.

ఇక రెండోది. నాలుగు రోజులుగా రాద్దామనుకుని కాగితం ముందు కూర్చుని లేస్తున్నాను.

అన్నయ్య ఇరవై నిమిషాలు అన్నాడు. లిఫ్టు మొత్తం చూడ్డానికి ఇరవై నిజమే. కానీ ఐదో అంతస్తు తలుపు చూడ్డానికి ఇరవై అక్కర్లేదు. లిఫ్టు కింద ఉండగా పైకి మెట్లెక్కి వెళ్ళి ఆ తలుపు చేత్తో ఒకసారి లాగి చూడాలి. తాళం అరిగిపోయి ఉంటే తలుపు తెరుచుకుంటుంది. అర నిమిషం. మెట్లెక్కడానికి ఇంకో రెండు.

ఆ రోజు ఆ బిల్డింగులో నేను పది నిమిషాలకి పైనే ఉన్నాను. ఈ సంగతి కోర్టులో ఎవరూ అడగలేదు. అన్నయ్యకీ తెలియదు. కింద వాచ్‌మన్ కుర్చీ వేసి టీ తెప్పించాడు. ఎండగా ఉంది. తనిఖీ పుస్తకం మోకాలి మీద పెట్టుకుని చూశానని సంతకం చేశాను. టీ వేడిగా ఉందని ఊదుకుంటూ నెమ్మదిగా తాగాను. మెట్లు నా ఎదురుగానే ఉన్నాయి. పదకొండు చీటీలు అన్నయ్య రాశాడు, నిజం. కానీ ఆ పది నిమిషాలు ఎవరూ రాసివ్వలేదు, అవి నావి. ఇన్నాళ్ళూ అన్నయ్య తప్పు మోస్తున్నానని నాకు నేనే చెప్పుకుంటూ దాని వెనక కూర్చున్నాను.

పంతులమ్మ గారి భర్త అడిగినదానికి సరైన జవాబు ఆయనకి ఇంకా చేరలేదు. చేరితే ఆయనకి మంచిదో చెడ్డదో నాకు తెలియదు. కానీ అడిగింది ఆయన.

ఆయన ఇంటి నంబరు, వీధి పంపు వదినా. ఆయనకి ఉత్తరం రాసి పెట్టాను. ఆఫీసరు చదివాడు. ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యలేదు.

నీ మరిది